మంచి రక్తం

ఎర్రగుంటపాలెం,
డిసెంబరు 11, 2024

అమ్మడూ తేజశ్రీ,

బస్సు దిగి ఇల్లు చేరాను. చేరిన సంగతి నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, కోపం తగ్గి కాదు.

కంచం ముందు కూర్చున్నదాన్ని ముద్ద ఎత్తకుండా లేచి వచ్చేశానని నువ్వు బాధపడే ఉంటావు. వంకాయ కూర వాసన బాగానే వచ్చింది. కానీ అంతకు ముందే నువ్వు నన్ను మీ దోమల గదికి తీసుకెళ్లావు కదా. తెల్ల పళ్లేల్లో నీళ్లు, ఆ నీళ్లలో మెలికలు తిరుగుతున్న పురుగులు, వాటికి వేసిన చేపల మేత కుళ్లిన కంపు. అది చాలదన్నట్టు నువ్వు చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ వల పెట్టెలోకి దూర్చావు. నేను చూస్తుండగానే నీ ముంజేతి మీద దోమలు నల్లగా మూగాయి. వాటి పొట్టలు ఎర్రగా ఉబ్బాయి. నాకు అర్థం కావాలని మొహం నావైపు తిప్పి, రోగం లేని దోమలే పిన్నీ, ఏం కాదు అని నవ్వుతూ చెప్పావు. అర్థమైంది. ఆ చేత్తోనే వచ్చి నాకు అన్నం వడ్డించావు. గుంటూరు బస్టాండులో వాంతి చేసుకున్నాను.

మీ అమ్మ పోయింది మలేరియాతోనే. నీకప్పుడు మూడేళ్లు. అదే జ్వరం నాకూ వచ్చి మెదడుకెక్కింది. నేను బతికి బయటపడ్డాను, చెవులు పోయాయి. అందుకే ఇవాళ్టికీ ఫోనులో నీ గొంతు వినలేక ఇలా కాయితాలు నింపుతున్నాను. మా అక్కను తిన్న పురుగుకి నీ నెత్తురు పోసి సాకడానికా నిన్ను పెంచి చదివించింది?

మీ ఆఫీసులో అదేం ఉద్యోగమో నాకు తెలియదు. నలుగురూ అడిగితే మా అమ్మాయి సైంటిస్టు అని చెబుతున్నాను. దోమలు మేపుతుందని చెప్పడానికి నోరు రావడం లేదు.

మిరపకి ఈసారి కూడా నల్ల తామరపురుగు తగిలింది. పువ్వు తీసి అరచేతిలో దులిపితే బొగ్గు పొడిలాగా రాలుతోంది. మందు కొట్టించాను. ఆ కంపుతో నిన్నటి నుంచి తల పోటు.

వేళకి తిను. తినే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కో.

మీ పిన్ని
వెంకటరావమ్మ


తాడేపల్లి,
డిసెంబరు 19

పిన్నీ,

నీ ఉత్తరం నిన్న అందింది. ముందు అన్నం పెట్టి తర్వాత గది చూపించాల్సింది. ఆ మాత్రం తోచలేదు నాకు.

అమ్మ మొహం నాకు గుర్తు లేదు. దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగలేదని, చివరికి గోనె పట్టాలు కూడా కప్పారని నువ్వు చెప్పిందే నాకు తెలిసిన అమ్మ. అందుకే నేను ఈ పనిలోకి వచ్చాను. ఆ రోజు నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, ఓపిగ్గా చదువు.

మలేరియా దోమలో పుట్టదు. జ్వరం ఉన్న మనిషిని కుట్టినప్పుడు నెత్తురుతో పాటు మలేరియా క్రిమి దోమ పొట్టలోకి పోతుంది. అక్కడ కొన్నాళ్లు పెరిగి, పొట్ట గోడ దాటి, దోమ నోటి దాకా చేరుతుంది. అప్పుడు ఆ దోమ ఎవరిని కుడితే వాళ్లకి జ్వరం. అయితే మన పొట్టలో ఉన్నట్టే దోమ పొట్టలోనూ ఎప్పుడూ కొంత బ్యాక్టీరియా ఉంటుంది. దానివల్ల దోమకి నష్టం లేదు. మేం ఆ బ్యాక్టీరియాలో ఒక మార్పు చేశాం. ఇప్పుడది ఒక ప్రోటీన్ తయారు చేస్తుంది. ఆ ప్రోటీన్ మలేరియా క్రిమిని దోమ పొట్టలోనే చంపేస్తుంది. పంచదార నీళ్లలో ఈ బ్యాక్టీరియా కలిపి, దూది ముంచి పెడితే దోమలే వచ్చి పీల్చుకుంటాయి. మగదాని నుంచి ఆడదానికి, తల్లి నుంచి పిల్లలకి అదే పాకుతుంది. పాలల్లో వేసిన తోడు అనుకో. దోమ చావదు, కుట్టడమూ మానదు. కానీ దాని కాటుతో మలేరియా రాదు.

గదిలో ఇది పనిచేస్తోంది. ఎండా గాలీ కాలువ నీళ్లూ ఉన్న చోట పనిచేస్తుందో లేదో చూడాలి. అందుకోసం రెండు పొరల వలతో ఒక ఇల్లు కడతారు. లోపలి దోమ బయటికి రాకుండా తలుపు వెనక ఇంకో తలుపు ఉంటుంది. మా పెద్దాయన డాక్టర్ రాఘవ గారు వినుకొండ చుట్టుపక్కల చోటు వెతుకుతుంటే, సాగర్ కాలువ పక్కన నీ చేను చివర బీడుపడిన నేల చెక్క ఉందని చెప్పాను. నిన్ను అడక్కుండా చెప్పాను, తిట్టు.

ఇంకొక సంగతి. కోతలకి నల్లమల వైపు నుంచి వచ్చే కూలీలకి ఏటా జ్వరాలు వస్తాయని నువ్వే అంటుంటావు. అలాంటి వాళ్ల రక్తం కొంచెం మాకు కావాలి, మా దోమలకి తాగించి చూడటానికి. ఇచ్చిన వాళ్లకి రక్తం తీసిన వెంటనే మందు ఇవ్వాలి. అది రూలు.

చేతులు కడుక్కునే తింటున్నాను.

నీ తేజ


ఎర్రగుంటపాలెం,
జనవరి 24, 2025

తేజశ్రీకి,

జవాబు ఆలస్యమైంది. రాయాలంటే చెయ్యి రాలేదు.

ఉన్న రోగం చాలదని దోమకి ఇంకో క్రిమి తాగిస్తారా? తోడు అన్నావు, ఆ రోజు నుంచి పెరుగు గిన్నె మూత తీస్తే నాకు మీ పళ్లేలే కనబడుతున్నాయి. నాకు అర్థం కాక, ఆశా వర్కర్ నసీమున్నీసాని అడిగాను, ఈ బ్యాక్టీరియా ఏంటమ్మా అని. నా చెవుల సంగతి తెలుసుగా, గట్టిగా అడిగి ఉంటాను. మర్నాటికల్లా ఊళ్లో ఒకటే మాట, వెంకటరావమ్మ పెంచిన పిల్ల కూలీల మీదికి దోమల్ని వదలబోతోందని. సర్పంచ్ భార్య మా గుమ్మంలోకి వచ్చి చేతులు తిప్పుతూ ఏదేదో అంది. నాకు వినపడకపోవడం అప్పుడప్పుడు మంచిదే.

కూలీలు దిగారు. కాలువ కట్ట మీద పట్టాలతో గుడారాలు వేసుకున్నారు. మన ఊరివాళ్లు వాళ్లని మంచినీళ్ల ప్లాంటు దగ్గరికి రానివ్వలేదు. జ్వరాలు తెస్తారట. మన చేలల్లో వంగి కాయ కోసేటప్పుడు లేని అంటు నీళ్ల దగ్గర వస్తుందా? వాళ్లు గేదెలు పడుకునే గుంటలో నీళ్లు గుడ్డతో వడకట్టుకుని తాగడం నేను కళ్లారా చూశాను. ఈ ఊరి మీద ఉమ్మెయ్యాలనిపించింది. నా బోరు దగ్గర పట్టుకోమన్నాను.

వాళ్లలో ఆదెమ్మ అని ఒకామె ఉంది. అయిదో నెల. మొగుడు ఇంకో ఊళ్లో పత్తి తీతకి పోయాడు. ఎవరూ చెప్పకుండానే నాకు ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడుతుంది, నా కళ్లకి తన పెదాలు ఆనేలాగా. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉన్నవాళ్లకే అది రాలేదు.

మీ ఆఫీసులో నీతో పనిచేసే మార్కట, చెక్క అడగడానికి వచ్చాడు. మర్యాదస్తుడు. నేల మీద కూర్చుని, అట్ట మీద రాసి చూపించి ఓపిగ్గా చెప్పాడు. బయటికి ఏ దోమనీ వదలరని అప్పటికి నమ్మాను. నేను ఒకటే అడిగాను, జ్వరం వచ్చిన వాళ్లకి మందు మీరే ఇస్తారా అని. పరీక్ష, మందు రెండూ మావేనమ్మా అన్నాడు. ఆ మందు కోసమే చెక్క ఇచ్చాను. నీ బ్యాక్టీరియా కోసం కాదు. ఆ సంగతి నువ్వు మనసులో పెట్టుకో.

వల ఇల్లు కడుతున్నారు. దూరం నుంచి పెద్ద కోళ్ల గూడులాగా ఉంది. నేను అటు పోను.

పిన్ని


తాడేపల్లి,
ఫిబ్రవరి 26

నా పిన్నికి,

పనిచేసింది. ఈ మాట ముందు నీకే రాస్తున్నాను.

నీ చేను చివర ఎండలో, గాలిలో, కాలువ నీళ్లు పోసిన తొట్లలో పుట్టిన దోమలకి ఆ బ్యాక్టీరియా అంటింది. మేం దూది పెట్టని దోమలకి కూడా పాకింది. వాటిని ఇక్కడికి తెచ్చి, జ్వరం ఉన్న మనిషి రక్తం తాగించి, తర్వాత పొట్టలు కోసి చూశాం. మామూలు దోమల పొట్ట గోడ నిండా మలేరియా క్రిమి గుడ్లు బొబ్బల్లాగా ఉన్నాయి. మన దోమల్లో దాదాపు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ ఉంటే ఏమనేదో అనుకున్నాను.

రక్తం విషయంలో మొదట భయపడ్డాం. చాలామంది రక్తంలో దోమకి ఎక్కే దశ క్రిములు చాలినన్ని ఉండవు. మార్కు మాట జారి పేరు చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది, నీ చేలో పనిచేసే ఆదెమ్మ రక్తమట. చాలా మంచి రక్తం పిన్నీ. వారం తర్వాత రెండోసారి తెచ్చింది ఇంకా మంచిది. ఆవిడకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

రాఘవ గారు ఢిల్లీ మీటింగులో మన ఫలితాలు చూపిస్తారట. నన్నూ రమ్మన్నారు. చీర కట్టుకోవాలి. నీ గళ్ల చీర పంపిస్తావా?

నువ్వు నెలగా ఉత్తరం రాయలేదు. చెక్క తీసుకున్నందుకు ఇంకా కోపమా?

ప్రేమతో,
తేజ


నరసరావుపేట,
మార్చి 4

తేజశ్రీ,

నీ ఉత్తరం నసీమున్నీసా ఇక్కడికే తెచ్చిచ్చింది. ఆసుపత్రి వరండాలో, ఆదెమ్మ మంచానికి ఎదురుగా కూర్చుని చదివాను. మంచి రక్తం అన్న చోట ఆగిపోయి, మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది.

నేను రాయకపోవడానికి కోపం కారణం కాదు. మిరపకాయ టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోయి, ధర పడిపోయిందని రోజుల తరబడి అక్కడే కాపలా కాస్తూ పడి ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఆదెమ్మ చేలో లేదు. గుడారంలోకి పోయి చూశాను. కళ్లు పచ్చగా ఉన్నాయి, నాలుక అట్టలాగా ఎండిపోయింది. నన్ను చూసి వాళ్లమ్మని పిలిచినట్టు పిలిచింది. మా అక్క కూడా చివర్లో అలాగే ఎవరెవర్నో పిలిచింది.

చాప పక్కన మాత్రల అట్ట ఉంది. మీవాళ్లు ఇచ్చిందట. పారాసెటమాల్. అదొక్కటే. జ్వరం వచ్చిన మొదట్లోనే జీపులో వచ్చి వేలు పొడిచి చూసి, మలేరియా అని తేల్చి, చేతి నుంచి రక్తం తీసుకుని ఈ మాత్రలిచ్చి పోయారు. మళ్లీ వచ్చి మళ్లీ తీసుకున్నారు. ఆశా దగ్గరికి వద్దు, ఆసుపత్రికీ వద్దు, మేమే చూసుకుంటాం అన్నారట. గుడారాల్లో వాళ్లు నమ్మారు. నమ్మమని చెప్పింది నేనే.

నసీమున్నీసా తన కిట్టుతో పరీక్ష చేసి నా మొహం చూసింది. ఏమీ అడక్కుండా ఆటోకి పరిగెత్తాను. ఇక్కడ డాక్టరమ్మ మంచిది, వెంటనే సూది మందు మొదలుపెట్టింది. ఆదెమ్మకి స్పృహ వచ్చింది. బిడ్డ పోయింది. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు, ఆమె మొగుడు అప్పటికి రాలేదని.

ఆ పిల్లని పట్టుకున్న చేతులతోనే ఇది రాస్తున్నాను. వారం తర్వాత తెచ్చిన రక్తం ఇంకా మంచిదని రాశావు. ఆ వారమంతా ఆమెకి మందు ఎందుకు పడలేదో నీకు తెలుసన్న మాట. దోమలకి నెత్తురు పోస్తుంటే చూసి అసహ్యించుకున్నాను. అప్పుడు నీ నెత్తురే పోశావు. అది చాలా నయం.

చీర పంపను. నువ్వు ఉత్తరం రాసినా నేను విప్పను.

వెంకటరావమ్మ


తాడేపల్లి,
మార్చి 15

పిన్నీ,

విప్పవని తెలిసే నసీమున్నీసా గారి చేతికి పంపిస్తున్నాను. నీ ఎదుట నిలబడి చదివి చెప్పమని అడిగాను. నీకు పెదాలు చూడటం ఇష్టం లేకపోతే కళ్లు మూసుకో, బలవంతం లేదు.

నాకు తెలియదు. రక్తం వచ్చిందంటే మందు ఇచ్చే ఉంటారనుకున్నాను. అడగలేదు. సీసా చేతికి రాగానే దోమల గదికి పరిగెత్తాను. అంతే.

నీ ఉత్తరం పట్టుకుని ముందు మార్కు దగ్గరికి వెళ్లాను. అతను కుర్చీలో కూలబడ్డాడు. దోమకి ఎక్కే దశ క్రిములు రక్తంలోకి రావాలంటే జ్వరం మొదలైన తర్వాత వారం పైనే పడుతుంది, అందాకా మందు ఆపమని రాఘవ గారు చెప్పారట. రెండో సాంపిల్ తీశాక, ఆదెమ్మ గర్భిణి అని మార్కు ఫోన్ చేసి చెప్పాడట. ఇంకొక్క సాంపిల్ చాలు అన్నారట. మార్కు వద్దనలేకపోయాడు. నేను అతన్ని తిట్టలేదు, తిట్టే అర్హత ఉన్నట్టు అనిపించలేదు.

తర్వాత రాఘవ గారి గదికి వెళ్లాను. ఆయన బత్తాయి ఒలుచుకుంటున్నారు. బిడ్డ పోయిందని చెప్పాను. గింజ ఊసి, కాయితంలో పెట్టి, మడిచారు. అప్పుడు నాతో అన్న మాట ఇది.

"ఒక్క మనిషి దగ్గర ఆగిపోతే ఎలా తేజశ్రీ? దీనివల్ల ఎన్ని లక్షలమంది బతుకుతారో నీకంటే ఎవరికి తెలుసు?"

ఆయన చేతులు కడుక్కుని, నాకూ ఒక తొన అందించారు. నేను బయటికి వచ్చి వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. ఈ పనిలో ఇన్నేళ్లున్నాను, పురుగుల నీళ్లు మీద పడ్డాయి, దోమల పొట్టలు గోళ్లలోకి పోయాయి. ఎప్పుడూ రాని వాంతి అప్పుడు వచ్చింది.

మార్కు, నేను ఎథిక్స్ కమిటీకి, జిల్లా కలెక్టరుకి రాసిచ్చాం. అతను తన ఫోనులో ఉన్నవన్నీ ఇచ్చాడు. మర్నాడే ప్రయోగం ఆపేశారు. వల ఇంట్లో దోమల్ని, ఇక్కడి గదిలో దోమల్ని నాశనం చేయమని ఆర్డరు వచ్చింది. ఆ పని నాకే పడింది. పెట్టెలన్నీ ఫ్రీజరులో పెట్టి తలుపు వేశాను. తీసేసరికి అడుగున బూడిదలాగా రాలి ఉన్నాయి. వాటి పొట్టల్లో ఉన్నది నిజంగా పనిచేసింది పిన్నీ. దానికి ఏ పాపమూ లేదు. పనిచేసిందని సంతోషించిన ప్రతిసారీ నాకు నామీదే రోత పుడుతోంది.

ఉద్యోగం మానేస్తున్నాను. ఇంక ఈ దోమల మొహం చూడను. ఆదెమ్మ ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

తేజ


ఎర్రగుంటపాలెం,
ఏప్రిల్ 13

తేజమ్మా,

నసీమున్నీసా నీ ఉత్తరం చదువుతుంటే కళ్లు మూసుకోలేదు. మధ్యలో ఆమే ఏడ్చి ఆగిపోతే కాయితం లాక్కుని నేనే చదువుకున్నాను. నీకు తెలుసని రాశాను, అది తప్పు. అడగకపోవడం కూడా చిన్న తప్పేం కాదు. రెండూ నీకు చెప్పేశాను, ఇంక ఆ మాట మళ్లీ ఎత్తను.

మొన్న గుంటూరులో విచారణ జరిగింది. నిన్నూ మార్కునీ వేరే రోజు పిలిచారటగా. ఆదెమ్మనీ నన్నూ నసీమున్నీసానీ కమిటీ ముందు బల్లకి ఒక పక్క కూర్చోబెట్టారు, రాఘవని ఎదురు పక్క. మనిషి తెల్లగా, శుభ్రంగా ఉన్నాడు. ఆదెమ్మ వైపు ఒక్కసారి చూడలేదు. ఫోను చూసుకున్నాడు. మన్నించమని అంటాడేమోనని ఆయన పెదాలే చూస్తూ కూర్చున్నాను. సైన్సు, దేశం, లక్షలమంది అన్న మాటలే పలికాయి ఆ పెదాలు. దోమైనా కుట్టాక ఎగిరిపోతుంది. ఈయన అక్కడే కూర్చుని కుట్టడం ఎందుకు అవసరమో చెబుతున్నాడు.

కమిటీలో పెద్దావిడ ఆదెమ్మని అడిగింది, నీకు అన్నీ ముందే చెప్పి ఉంటే రక్తం ఇచ్చేదానివా అని. ఆదెమ్మ చెప్పిన మాట పెదాల మీద సరిగ్గా పట్టానో లేదోనని నసీమున్నీసాతో రాయించుకున్నాను.

"ఇచ్చేదాన్నేనమ్మా. మా ఊళ్లోనూ జ్వరాలే కదా. మందిచ్చి అడిగినా ఇచ్చేదాన్నే."

మందిచ్చాక కూడా ఆ దశ క్రిములు కొన్నాళ్లు నెత్తురులో ఉంటాయని, ఆ రక్తం కూడా పనికొచ్చేదేనని కమిటీలో ఇంకో డాక్టరు అప్పుడు అన్నాడు. ఇంకెక్కువ, ఇంకా త్వరగా కావాలని రాఘవ ఆదెమ్మ ఒంట్లో జ్వరాన్ని మాగబెట్టాడన్న మాట, కాయ మాగబెట్టినట్టు. ఆయన్ని పనిలోంచి తప్పించారు. కేసు నడుస్తుందట. ఎంత నడుస్తుందో చూడాలి.

ఇక మన ఊరి సంగతి. ఈ కథ తెలియగానే జనం కాలువ కట్టకి పరిగెత్తారు. ఆదెమ్మ కోసమనుకున్నాను. వల ఇల్లు పీకడానికి. అందులో అప్పటికి ఒక్క దోమ కూడా లేదు. పీకిన వలలు ఎవరికి దొరికినంత వాళ్లు పట్టుకుపోయి కోళ్ల గూళ్లకీ, వంగ నారుమళ్లకీ కట్టుకున్నారు. సాయంత్రానికి సర్పంచ్ వచ్చి కూలీలని గుడారాలు ఎత్తేయమన్నాడు. మూడో కోత ఇంకా చేలల్లోనే ఉంది, కాయ ఎండి రాలిపోతోంది, అయినా సరే పొమ్మన్నారు. నేను అడ్డం నిలబడి అరిచాను. నా అరుపు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు. వాళ్లు మాత్రం చెవులు మూసుకున్నారు.

ఆదెమ్మ నా దగ్గరే ఉంది. మొగుడూ వచ్చాడు. ఒంట్లో కాస్త నెత్తురు పట్టాక ఊరికి పంపుతాను. రాత్రి పూట పాలు ఇస్తే తాగుతోంది. మాట్లాడటం తగ్గించింది.

నువ్వు మానేస్తాను అన్నావు. మానేస్తే రాఘవలాంటి వాళ్లే ఆ పని చేస్తారు. నాకు దోమంటే ఇప్పటికీ రోత, అది చచ్చేదాకా పోదు. అయినా చెబుతున్నాను, మంచివాళ్ల దగ్గర చేరి మళ్లీ మొదలుపెట్టు. ఈసారి గుడారాల్లోకి నువ్వే రా. నేల మీద కూర్చుని నీ నోటితో నువ్వే అడుగు. మందు నీ చేత్తో వాళ్ల నోట్లో పడిందని చూసుకున్నాకే సీసా ముట్టుకో.

ఇవాళ పొద్దున పంచాయతీ వాళ్లు బ్లీచింగు పొడి బస్తా తెచ్చి, గుడారాలు వేసిన చోటంతా తెల్లగా చల్లిపోయారు. పొయ్యి రాళ్ల మీద కూడా చల్లారు. దాని పక్కనే గేదెల గుంట ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వంగి చూశాను, నీళ్ల నిండా మీ పళ్లేల్లో చూసిన దోమ పురుగులే, మెలికలు తిరుగుతూ పైకి లేచి గాలి పీల్చుకుంటున్నాయి. ఇంటికి పోయి కిరసనాయిలు డబ్బా తెచ్చి పోశాను. అన్నీ అడుగుకి పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

మీ పిన్ని